బాలింతకు పెట్టని కీర పెరుగు

నా బిడ్డ మే నెలలో పుట్టింది. అందులో నా తప్పేమీ లేదు, దాని తప్పు అంతకన్నా లేదు. అయినా శిక్ష మాత్రం నాకు పడింది. ఇన్నేళ్ళయినా ఆ ఎండాకాలం తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్లా పైపుల కోసం మా ఊళ్ళో బజారు బజారంతా తవ్విపోసిన ఏడు అది. తొలి కాన్పుకని దేవరకొండ అవతల ఉన్న మా తల్లిగారింటికి వచ్చాను. సర్కారు దవాఖానలో కాన్పు తేలిగ్గానే అయింది. ఇంటికి పంపించేటప్పుడు నర్సు నా ముందే మా అమ్మకు చెప్పింది. "ఎండలు దంచుతున్నయి. నీళ్ళు మంచిగ తాగియ్యుండ్రి. పెరుగు, మజ్జిగ, అన్నీ పెట్టుండ్రి. పిల్లకు పాలు రావాలె గదా." మా అమ్మ బుద్ధిమంతురాలిలా తలూపింది. ఆటో గేటు దాటిందో లేదో, "వాళ్ళు గట్లనే చెప్తరు, వాళ్ళదేం పోయింది" అన్నది.

నన్ను తీసుకొచ్చి లోపలి అర్రలో పడేశారు. కిటికీ మూశారు. నా చెవుల్లో దూది కుక్కి, తలకు గుడ్డ చుట్టి, నడుముకు పాత చీర ఒకటి ఊపిరాడకుండా బిగించారు. నెత్తి మీద ఫ్యాన్ ఉంది గానీ అది చూసుకోవడానికే. ఉడుకుడుకు నీళ్ళు పోశాక మంచం కింద నిప్పులు పెట్టి సాంబ్రాణి వేసేవాళ్ళు. బయట తారు రోడ్డు కరిగి చెప్పులకు అంటుకుంటుంటే నా కింద నిప్పులు! ఏ బుద్ధి ఉన్నవాళ్ళు చేస్తారు ఈ పని?

తిండి సంగతి ఇంకా అన్యాయం. వేడన్నంలో ఎల్లిపాయ కారం, నెయ్యి. కాదంటే వేడన్నంలో సొంటి పొడి, నెయ్యి. నీళ్ళు కాచి, చల్లార్చి, సగం గ్లాసు. ఇంకొంచెం పొయ్యవే అని బతిమాలితే "బాలింత అన్నన్ని నీళ్ళు తాగితె పొట్ట పెద్దగైతది" అనేది అమ్మ. పెరుగు మాటెత్తితే పాము కనబడ్డట్టు ఉలిక్కిపడేది. "పెరుగా? పసిదానికి సర్ది జెయ్యదా?"

నాకు పాలు సరిగ్గా పడలేదు. పిల్ల చీకి చీకి, ఏమీ రాక, మొహం ఎర్రగా చేసుకుని ఏడ్చేది. ఆ నేరం కూడా నా నెత్తినే రుద్దారు. నేను కారం సరిగ్గా తినడం లేదట, అందుకే పాలు రావడం లేదట! మా కొట్టంలో పాలిచ్చే బర్రెకు పొద్దున ఒక తొట్టి, సాయంత్రం ఒక తొట్టి కుడితి పెట్టేవాళ్ళు. నీళ్ళు తాగందే అది పాలివ్వదని ఇంట్లో అందరికీ తెలుసు. నా విషయానికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోయిందో. కిటికీ సందులోంచి ఆ బర్రె కుడితి తాగుతున్న చప్పుడు వినబడితే నాకు ఏడుపొచ్చేది. బర్రెను చూసి కుళ్ళుకునే రోజు వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు.

మా అమ్మ చెడ్డ మనిషి కాదు. నేను తిట్టిన తిట్లన్నీ పడుతూనే పిల్ల గుడ్డలు ఉతికేది, నా కాళ్ళు పిసికేది. ఒకరోజు గట్టిగా నిలదీస్తే అసలు సంగతి బయటపెట్టింది.

"రేపు పిల్లకు సర్దో దగ్గో అయిందనుకో, మీ అత్త ఏమంటది? తల్లిగారింట్ల పత్యం చేయించలే అంటది. గా మాట నేను పడాల్నా?"

మా అత్తమ్మ కొత్తకోటలో ఉంటుంది. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు, ఆమె ఎలాంటి మనిషో నాకే పూర్తిగా తెలియదు. "నేనే ఫోన్ చేసి అడుగుత" అని ఫోన్ అందుకుంటే అమ్మ గుంజుకుంది. "మా అమ్మ నాకు పెరుగు పెడ్తలేదు అని చెప్తవా? నా పరువు తీస్తవా?" అత్తమ్మ రెండు రోజులకోసారి ఫోన్ చేసేది. "పత్యం ఎట్ల నడుస్తున్నది వదినె?" అని అడిగేది. అలా అడిగిన ప్రతిసారీ అమ్మ నా నీళ్ళు ఇంకో గుక్క తగ్గించేది.

పిల్లను తొట్టెలలో వేసే వేడుక ఎప్పుడు పెట్టుకోవాలో మాట్లాడడానికి అత్తమ్మ వస్తున్నదని కబురొచ్చింది. వచ్చేది మిట్టమధ్యాహ్నం. అంత ఎండలో వచ్చిన వియ్యపురాలికి వేడివేడిగా ఏం పెడతామని అమ్మ తలపట్టుకుంది. అప్పుడు మా అవ్వ, అంటే మా బాపు తల్లి, ముందరి అర్రలో నులక మంచం మీద కూర్చుని సలహా ఇచ్చింది.

"నీ బిడ్డ చేస్తది గదనే, కీర పెరుగు. గది చెయ్యి. సల్లగుంటది."

నల్లగొండలో చదువుకునేటప్పుడు హాస్టల్ గదిలో పొయ్యి పెట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. మెస్సు తిండి నోట పెట్టలేక నేను పొయ్యి అక్కర్లేని తిళ్ళు నాలుగైదు నేర్చుకున్నాను. అందులో ఈ కీర పెరుగుకు మా ఇంటిల్లిపాదీ అలవాటు పడ్డారు. ఎండాకాలం సెలవులకు నేను వచ్చానంటే మురుకులు ముంచుకుని తినడానికి ఒక గిన్నెడు చెయ్యాల్సిందే. ఆ రుచి నా చేతిది. ఆ సంగతి అవ్వకు తెలుసు, అమ్మకు తెలుసు. మంచం మీద ఎండిపోయి పడుకున్న నా దగ్గరికి అమ్మ కీర దోసకాయలు, కత్తిపీట తెచ్చుకుని గడప అవతల కూర్చుంది.

"చెప్పు బిడ్డా, ఎట్ల చేస్తవు?"

నాకు పెట్టని తిండి ఎలా చెయ్యాలో నేనే చెప్పాలట! ఇంతకన్నా అవమానం ఉంటుందా? చెప్పనుపో అందామనుకున్నాను. కానీ చెయ్యడం రాక పాడుచేస్తారేమోనని ఇంకో బాధ. చెప్పాను.

"పొద్దున్నే పెరుగును పలచటి బట్టల మూటకట్టి వేలాడదియ్యాలె. కట్టినవా? మంచిది. కాయకు రెండు కొసలూ కోసి రుద్దు, చేదంతా నురగైతది. ప్రతి కాయ రుచి చూడు. ఒక్కటి చేదున్నా గిన్నె మొత్తం పోతది. గంత పెద్ద ముక్కలా? సన్నగ తరుగమ్మా. ఉప్పేసి పక్కకు పెట్టు. నీళ్ళు ఊరుతయి, గట్టిగ పిండు. పిండకుంటె కీర పెరుగు కాదు, కీర సల్ల అయితది."

ఆమె పిండుతుంటే ఆ నీళ్ళు గిన్నెలోకి జారే చప్పుడు నాకు వినబడింది. పచ్చటి వాసన కూడా వచ్చింది. నా నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉంది. ఆ పిండిన నీళ్ళయినా ఇయ్యమన్నాను. తీసుకెళ్ళి జామ చెట్టుకు పోసింది.

"ఇగ పచ్చిమిరపకాయ, కొత్తిమీర రోట్ల దంచు. ఎల్లిపాయ వెయ్యకు! దాని పేరు నా ముందట తియ్యకు. బట్టల గట్టిపడ్డ పెరుగుల పాల మీది మీగడ వేసి చేత్తోటి గిలకొట్టు. అన్నీ కలుపు. అంతే."

అంతే అన్నా వినలేదు. కాసేపటికి వంటింట్లోంచి నూనె కాగుతున్న వాసన వచ్చింది. మంచం మీద నుంచే అరిచాను.

"పోపు పెట్టకు! పొయ్యి ముట్టియ్యద్దు దానికి!"

"పోపు లేకుండ వియ్యపురాలికి ఎట్ల పెడతనే? పొయ్యి మీదికి ఎక్కనిది తిండి అయితదా?"

"పెడితె పెట్టుకో, నా పేరు మాత్రం చెప్పకు."

పొయ్యి ఆర్పింది. ఉప్పు సరిపోయిందో లేదో చూస్తాను, ఒక్క చెంచా తెమ్మన్నాను. "నీ ఉపాయాలు నాకు తెల్వదా" అని గిన్నె తీసుకెళ్ళి అవ్వ నోట్లో పెట్టింది. "మస్తుగున్నదే" అని అవ్వ అంటుంటే గోడకేసి తిరిగి పడుకున్నాను.

అత్తమ్మ వచ్చింది. కాళ్ళు కడుక్కుని, పిల్లను చూసి, ముద్దాడి, మళ్ళీ ముందరి అర్రలోకి వెళ్ళి కూర్చుంది. నాకు అన్నీ వినబడుతున్నాయి. మురుకులు కరకరలాడుతున్నాయి. చెంచా గిన్నె అడుగుకు తగులుతున్నది.

"ఎంత బాగున్నది వదినె! పాణం లేచొచ్చింది. ఎవరు చేసిన్రు?"

"నేనే" అన్నది మా అమ్మ.

నేనే! పూసగుచ్చినట్టు చెప్పింది నేను, రుచి నాది, పేరు ఆమెది. లేచి వెళ్ళి అడిగేద్దామనుకునేంతలో అత్తమ్మే గిన్నె చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది. మంచం కొస మీద కూర్చుని నా మొహంలోకి చూసింది. నా పెదవులు పగిలి నెత్తుటి చారలున్నాయి.

"నువ్వు తిన్నవా?"

నేను జవాబు చెప్పేలోపే అమ్మ గుమ్మంలోంచి అందుకుంది. ఆ గొంతులో ఎంత గర్వమో!

"రామ రామ! బాలింతకు పెరుగు పెడతమా వదినె? నీళ్ళు గూడ సగం గ్లాసే పోస్తున్న. పత్యం పక్కాగ చేయిస్తున్న. నీకేం ఫికర్ వద్దు."

అత్తమ్మ నా పగిలిన పెదవుల వైపు మళ్ళీ చూసింది. తర్వాత మెల్లిగా అన్నది. "అదేంది వదినె? మా దిక్కు మూడో దినం నుంచే పెరుగన్నం పెడతం. నా ఇద్దరు బిడ్డల కాన్పులకూ నేను గట్లనే పెట్టిన."

అమ్మ గుమ్మం వదిలి లోపలికి వచ్చింది. "మరి ఫోన్‌ల ఎన్నడు చెప్పకపోతివి?"

"పత్యం ఎట్ల నడుస్తున్నదని అడుగుతనే ఉన్న గదా. మీ ఇంట్ల పట్టింపు ఎక్కువేమో, చెప్తె నువ్వేమనుకుంటవో అని ఊకున్న. తల్లిగారింట్ల ఉన్న పిల్ల విషయంల నేనెట్ల నోరు పెడత?"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చూసుకుని, నమ్మండి, నవ్వారు! "నీకు భయపడి నేను", "నీకు భయపడి నేను" అనుకుంటూ ఒకరి భుజం ఒకరు తట్టుకుని మరీ నవ్వారు. ఈమె ఆమెకు మర్యాద ఇచ్చింది, ఆమె ఈమెకు మర్యాద ఇచ్చింది. ఆ ఇద్దరి మర్యాదల మధ్య నోరెండింది నాకు. పాలు లేక ఏడ్చింది నా బిడ్డ.

"నవ్వకుండ్రి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "మీకు ఒకరినొకరు అడగబుద్ధి కాలేదు. నన్ను అడగాలని ఇద్దరికీ తోచలే. దాహమైతున్నదని రోజూ చెప్తున్న గదా. నా మాట మనిషి మాట కాదా?"

నవ్వు ఆగింది. అత్తమ్మ సిగ్గుపడి చేతిలో గిన్నె నాకు చాచింది. చూస్తే ఖాళీ. మంచం దిగాను. చెవుల్లో దూది పీకి పారేశాను. వంటింట్లోకి నడిచి వెళ్ళి కుండలో చెంబు ముంచి, గటగటా తాగి, మళ్ళీ ముంచి తాగాను. ఎవరూ అడ్డం రాలేదు. మిగిలిన కాయలు కోసి, ఉప్పు వేసి, పిండి, మీగడ, పెరుగు అన్నీ కలుపుకుని పెద్ద గిన్నెడు చేశాను. పొయ్యి పక్కన నేల మీదనే కూర్చుని తిన్నాను. చల్లటి ముక్క పంటి కింద పటుక్కుమంటుంటే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కోపం మాత్రం తగ్గలేదు. చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, పిల్లకు ఏ సర్దీ కాలేదు. నాలుగు రోజుల్లో నాకు పాలు కూడా పడ్డాయి.

సాయంత్రం బస్సుకు అత్తమ్మ వెళ్ళిపోయాక అమ్మ అర్రలోకి వచ్చి నా మంచం మీద కూర్చుంది. ఆమే మొదలుపెట్టింది.

"నిన్ను కన్నప్పుడు గూడ గిదే ఎండలు బిడ్డా. మా అమ్మ నాకు గిన్ని నీళ్ళు గూడ పొయ్యలే. రాత్రి కండ్లు మూస్తె బాయి కనబడుతుండె. పాలు రాక నువ్వు ఒకటే ఏడుపు. మీ అవ్వ ఏమంటదో అని మా అమ్మకు భయం."

నేను లేచి కూర్చున్నాను. "అవ్వను అడిగినవా ఎన్నడన్న?"

"ఎట్ల అడుగుతనే అత్తను?"

అవ్వ ముందరి అర్రలో నులక మంచం మీదనే ఉంది. నేను చేసిన దాంట్లో మిగిలిన కీర పెరుగు గిన్నె ఒళ్ళో పెట్టుకుని తింటున్నది. లోపలి నుంచే గట్టిగా అడిగాను.

"అవ్వా! మా అమ్మ నన్ను కన్నప్పుడు పెరుగు తింటె నువ్వేమన్న అంటుంటివా?"

"నేనెందుకంట? నా కాన్పులకు నేను సల్ల తాగుకుంటనే బతికిన."

"మరి మా అమ్మకు చెప్పకపోతివి?"

"వాళ్ళమ్మ పట్టింపు మనిషాయె. తల్లిగారింట్ల నేనెట్ల నోరు పెడత?"

మా అమ్మ లేచింది. పెళ్ళయిన నాటి నుంచి అత్త ముందు గొంతు పెంచి ఎరుగదు, ఆమె ముందర మంచం మీద కూర్చుని ఎరుగదు. వెళ్ళి అవ్వ ఒళ్ళో గిన్నె తీసుకుంది. ఆ నులక మంచం మీదనే, అవ్వ పక్కనే, కాళ్ళు చాపుకుని కూర్చుని తినడం మొదలుపెట్టింది. ముఖం ఎర్రబడింది. దవడలు గట్టిగా ఆడుతున్నాయి.

"నాకు జర ఉంచవే" అన్నది అవ్వ.

"ఉంచను" అన్నది మా అమ్మ.