దేవుడి పూలు తిన్న ఆవు

పేరేసంద్ర దాటాక హైవే మధ్యలో గన్నేరు విరగబూసి ఉంది. బస్సులోంచి చూస్తుంటే పాతపాళ్యలో మా ఆవుల కొట్టం గుర్తొచ్చింది.

మీకూ గుర్తుండే ఉంటుంది. దేవుడి పటాలకు పెట్టిన పూలు వాడిపోతే, కాళ్ళకింద పడకూడదని మన ఇళ్ళలో ఆవుకు వేసేవాళ్ళు. ఈ రోడ్డు ఇంకా నాలుగు లైన్లు కాని రోజులవి. ఆ ఏడు వానల్లేక బంతిపూలు రాలేదు. మా అవ్వ పెరట్లోని గన్నేరుతో మాల కట్టింది. మరునాడు అలవాటుగా దాన్ని ఆవు ముందు వేసింది.

సాయంత్రానికి ఆవు చొంగ కారుస్తూ పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చేసరికి ప్రాణం లేదు.

"గన్నేరు తినిండాదమ్మా. ఆకైనా పువ్వైనా విషమే" అన్నాడాయన.

"దేవుడికి పెట్టింది విషమెట్లయితాదప్పా?" అంది అవ్వ.

ఆ చెట్టును ఆమె కొట్టనివ్వలేదు. ఆ తర్వాతా దేవుడికి ఆ పూలే పెడుతూ వచ్చింది. ఇంకో ఆవును మాత్రం ఇంటికి తేనివ్వలేదు.