సుక్మతి మేడం నేర్పిన ఇంగ్లిష్

శాంపిల్ సీసా మీద పేరు రాయడానికి సిస్టర్ మార్కర్ మూత తీయగానే ఘాటైన స్పిరిట్ వాసన వస్తుంది. అది ముక్కుకు తగిలితే చాలు, జగదల్‌పూర్‌లో మేము చదివిన మెడికల్ కాలేజీ, అందులో ఒక పాత లెక్చర్ గది గుర్తుకొస్తాయి. శనివారం మధ్యాహ్నాలు సుక్మతి మేడం ఆ గదిలో ప్లాస్టిక్ షీట్ల మీద మార్కర్‌తో రాయించి, వాటిని ప్రొజెక్టర్ మీద పెట్టించి, మా చేత ఇంగ్లిష్‌లో మాట్లాడించేవారు. అప్పటికే అందరూ కంప్యూటర్లలో స్లైడ్లు తయారు చేసుకుంటున్నారు. మేడం మాత్రం షీట్లు వదల్లేదు. చేత్తో రాసేవాళ్లు అవసరమైనదే రాస్తారని ఆవిడ నమ్మకం.

మేడంది గీదం దగ్గర ఒక పల్లె. ఇంట్లో గోండీ, సంతలో హల్బీ, బళ్లో హిందీ. ఇంగ్లిష్ ఆ తరువాత ఎప్పుడో, కష్టపడి నేర్చుకున్నది. మా మెడిసిన్ విభాగంలో పాఠాలు చెప్పేవారు. పొట్టి మనిషి. ఎవరి మీదా గొంతు పెంచగా నేను వినలేదు. మాతో హిందీలోనే మాట్లాడేవారు. ఆ మాటలే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

నేను తెలుగు సరిహద్దు దగ్గరి భోపాల్‌పట్నంలో కిరాణా కొట్టు నడిపేవాళ్ల అమ్మాయిని. ఇంట్లో తెలుగు, పన్నెండో తరగతి దాకా హిందీ మీడియం. కాలేజీలో చేరిన కొత్తలో అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే, భిలాయి నుంచి వచ్చిన ఒక ఆంధ్రా అమ్మాయి విని నా ‘ఏంది’ని నలుగురి ముందూ వెక్కిరించింది. ఆ రోజు నుంచి కాలేజీ ఆవరణలో తెలుగు మాట్లాడటం మానేశాను. ఇంగ్లిష్ రాదు, తెలుగు పలకను. మిగిలింది హిందీ. దాంతోనే నెట్టుకొచ్చాను.

మూడో ఏడాది వానాకాలంలో వార్డులో నా మొదటి కేసు ప్రెజెంటేషన్. రోగి మా సరిహద్దులోనే ఉసూర్ వైపు నుంచి వచ్చిన ఎర్రమ్మ అనే పెద్దావిడ. దగ్గు, జ్వరం. కొడుకు వెంట ఉన్నాడు. అతన్ని హిందీలో అడిగి వివరాలు రాసుకున్నాను. ఒక సీనియర్ నోట్‌బుక్‌లోంచి ఇంగ్లిష్ వాక్యాలు తీసుకుని, మధ్యలో పేరూ వయసూ మార్చి, రెండు రోజులు బట్టీ పట్టాను. మంచం పక్కన నిలబడి, వారం రోజులుగా దగ్గు అంటూ ఎక్కడా ఆగకుండా అప్పజెప్పాను. తడబడనందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

మేడం తల ఊపి, “బాగుంది. ఇప్పుడు ఇదంతా ఆమెకు చెప్పు,” అన్నారు.

“ఎవరికి మేడం?”

“ఎవరి గురించి చెప్పావో ఆమెకు. ఇంతసేపూ నీ మొహమే చూస్తోంది, గమనించలేదా? తనకు ఏమైందని చెప్పుకుంటున్నామో అని ఆమెకు భయంగా ఉండదా?”

ఎర్రమ్మకు హిందీ రాదు. ఆమే కొడుకూ తెలుగులో మాట్లాడుకోవడం నేను ముందురోజే విన్నాను. విని, విననట్టు ఊరుకున్నాను. ఇప్పుడు తోటివాళ్లంతా చుట్టూ నిలబడి ఉన్నారు. తల వంచుకుని మా ఇంటి తెలుగులో మొదలుపెట్టాను. “అవ్వా, నీకు వారం సంది దగ్గొస్తున్నదని చెప్పిన...”

ఎర్రమ్మ లేచి కూర్చుంది. “వారమా? ఎవలు చెప్పిన్రు బిడ్డా? ఇప్పపూలు ఏరినప్పటి సంది దగ్గుతనే ఉన్న. వీనికేం తెలుసు, వీడు పనికి పోయి మొన్ననే ఇంటికొచ్చిండు. రాత్రైతే చెమటలు పోస్తయి. అన్నం సయించదు. నన్నెవ్వలు అడిగిన్రు?”

ఇప్పపూలు రాలేది ఎండాకాలం మొదట్లో. అంటే నెలలు గడిచాయి. కొడుకు చూసింది వారమే కాబట్టి అతను వారమే చెప్పాడు. ఆ మాటను మేడంకు హిందీలో చెప్పాను. కళ్లె పరీక్షకు పంపమన్నారు. టీబీ తేలింది. లేకపోతే ఆవిడను మామూలు దగ్గు మందులిచ్చి మరునాడు ఇంటికి పంపేసేవాళ్లం.

మేడం నన్ను తిట్టలేదు. వరండాలో చేతులు కడుక్కుంటూ, “నీకు తెలుగు వచ్చని నాకెందుకు చెప్పలేదు?” అని మాత్రం అడిగారు. “శనివారం రా,” అన్నారు.

ఆ శనివారాల్లో పద్ధతి ఒకటే. ఇంగ్లిష్‌లో చెప్పదలచుకున్నది ముందు మన ఇంటి భాషలో చెప్పాలి. హల్బీ వచ్చినవాళ్లు వార్డు ఆయాకు చెప్పేవారు. నేను ఫోన్లో అమ్మకు చెప్పేదాన్ని. అమ్మ, “అంటే ఏంది?” అన్న చోటల్లా నాకూ అర్థం కాలేదని తెలిసేది. ఆ తరువాతే ఇంగ్లిష్. చిన్న వాక్యాలు. ఒక షీటు మీద ఒకే సంగతి. మాట తెలియకపోతే తెలిసిన మాటల్లో చెప్పాలి.

ఒకసారి, “నా ఉచ్చారణకు నవ్వుతారు మేడం,” అన్నాను. ఆవిడ షీటు తుడవడం మొదలుపెట్టారు.

“నా మొదటి ప్రెజెంటేషన్‌లో నవ్వారు,” అన్నారు. “పెద్ద ఊరు, పెద్ద హాలు. నేను మధ్యలోనే ఆపేసి వచ్చి కూర్చున్నాను. మా ఊళ్లలో పిల్లలు ఎందుకు చనిపోతున్నారో చివరి రెండు కాగితాల్లో ఉంది. వాటిని ఎవరూ చూడలేదు. నవ్వినవాళ్ల మీద నాకు కోపం లేదు పద్మా. కూర్చున్నందుకు నా మీద ఉంది.”

హౌస్ సర్జన్‌గా చేస్తున్నప్పుడు, సరిహద్దు పల్లెల్లో టీబీ మందులు మధ్యలో ఎందుకు మానేస్తున్నారన్న విషయం మీద రాయ్‌పూర్ సదస్సులో మాట్లాడే అవకాశం వచ్చింది. బస్సులు దూరం కావడం, ఆ రోజు కూలి డబ్బు పోవడం, మాత్రలు వికారం పుట్టించడం లాంటి కారణాలు చెప్పాను. ఎక్కడో ఎవరో నవ్వినట్టనిపించింది. నేను కూర్చోలేదు. చివర్లో ఒక పెద్దాయన లేచి, “ఆడవాళ్లు ఇంట్లో జబ్బు దాచిపెడుతున్నారా? అడిగారా?” అన్నారు.

నేను అడగలేదు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. వెనక వరసలో ఉన్న మేడం వైపు చూశాను. ఆవిడ ముఖంలో ఏ సైగా లేదు. ఇంగ్లిష్‌లో మూడు చిన్న వాక్యాలు చెప్పాను. అది నేను అడగలేదు. అడగాల్సింది. వెళ్లి అడుగుతాను.

మంచి ప్రసంగానికి ఇచ్చే బహుమతి వేరేవాళ్లకు వచ్చింది. బయటికొచ్చాక మేడం సీసా అందించి, “నీళ్లు తాగు. ఉసూర్ ఎప్పుడు వెళ్తావు?” అన్నారు.

ఆ నెలలోనే వెళ్లాను. మగవాళ్లు లేని వేళ చూసి ఆడవాళ్ల దగ్గర కూర్చున్నాను. ఒకామె మెల్లగా, “జబ్బని చెప్తే నా చెంబు, నా పళ్లెం వేరుగ పెడ్తరక్కా. పిల్లను ఎత్తుకోనియ్యరు. అందుకే మాత్రలు బియ్యంల దాచిన. అత్త ఇంట్ల ఉంటే ఎట్ల మింగాలె?” అంది. నేను చెప్పిన కారణాలన్నిటిలో ఇది లేదు. ఆ పెద్దాయనకు ఉత్తరం రాశాను. మేడం ఆ ఉత్తరంలో రెండు స్పెల్లింగులు దిద్దారు, అంతే. తరువాత ఆ ఊళ్లకు మందులిచ్చే పద్ధతి మార్చమని మేడమూ నేనూ కలిసి అధికారులకు రాసిన కాగితానికి ఈ మాటే ఆధారమైంది. కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు అంగన్‌వాడీలోనే మాత్ర మింగి వెళ్లే ఏర్పాటు జరిగింది.

మేడం రిటైరై గీదంలో ఉంటూ, రెండేళ్ల కిందట పోయారు. ఇప్పుడు నేనూ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. నా ఇంగ్లిష్ గొప్పగా ఏమీ మారలేదు. సభలో లేచి నిలబడితే ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి. ఆ భయం పోయే ఉపాయం ఆవిడ చెప్పలేదు. బహుశా ఆవిడకూ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం మాత్రం నాకు అలవాటైంది. తెలియదనగానే కాస్త తేలిక పడతాను. అసలు కష్టం ఆ తరువాతి మాటతో వస్తుంది. వెళ్లి అడుగుతానని పదిమంది ముందు అన్నాక, మరునాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లాలి.