దసరా రాత్రి ఇంజను మూత

దయ్యం ఉందన్నవాళ్లను ఎన్ని సభల్లో నిలదీశానో మీకు తెలుసు. ఆ నోటితోనే చెబుతున్నాను... ఇది జరిగింది. నా కళ్లముందే జరిగింది. ఒక్క ముక్క కల్పించలేదు.

అరవయ్యో దశకం చివరి రోజులు. తార్నాకలో కాపురం, పక్కనే యూనివర్సిటీ వర్క్‌షాపులో ఉద్యోగం. వరదల్లో జనాన్ని కాపాడే మోటారు పడవ ఒకటి మరమ్మతుకు వచ్చింది. షెడ్డులో దిమ్మల మీద నిలబెట్టాం. దాని ఇంజను మీద బరువైన ఇనుప మూత. మీట నొక్కితే చిన్న మోటారు ఒక మర కడ్డీని తిప్పుతుంది, మూత లేస్తుంది, దిగుతుంది. ఒకోసారి మొరాయిస్తోంది. అదీ జబ్బు.

ఆ రోజు దసరా. పొద్దున్నే మెకానిక్ యాదగిరి పనిముట్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టాడు. పడవనూ వదల్లేదు.

"యంత్రానికి నూనె చాలు. పసుపెందుకయ్యా?" అన్నాను.

"నూనె కడుపుకు సార్, పసుపు మర్యాదకు" అని నవ్వాడు. లాలాపేట మనిషి. మాటకు తడుముకోడు.

సాయంత్రం అందరూ జమ్మి పూజకు వెళ్లిపోయారు. తెల్లారితే పడవ వెళ్లిపోవాలి. మేమిద్దరమే మిగిలాం. చీకటి పడింది. యాదగిరి పడవలో మూత కిందున్న ఇంజను గుంటలోకి దిగి పడుకున్నాడు.

"మూత జర కిందికి దించున్రి సార్. మర యాడ పట్టేస్తున్నదో చూస్త."

మీట నొక్కాను. మూత దిగింది... పూర్తిగా దిగింది. పైకి నొక్కాను. టక్... అంతే. మళ్లీ నొక్కాను. టక్.

"సార్, పెట్రోల్ కారుతున్నది. ఊపిరాడుతలేదు. జల్ది లేపున్రి!"

గునపం అందుకున్నాను. గునపంతో పెళ్లగిద్దామంటే, ఇనుముకు ఇనుము తగిలి రవ్వ లేచిందా... లోపలి మనిషి బూడిదే. ఆలోచించాలి. పడవ దీపం బాగానే వెలుగుతోంది. అంటే బ్యాటరీ బాగుంది. మరి అడ్డెక్కడ? టార్చి వేశాను. అంచున, మీటకు దూరంగా, మూత లేపే కరెంటును మోటారుకు పంపే మరో స్విచ్చు. దాని సందులో... గట్టిపడిన పసుపు ముద్ద!

దొరికింది! కారణం లేకుండా ఏదీ జరగదు. రవ్వ రాకుండా ముందు బ్యాటరీ తీగ ఊడదీశాను. పడవ దీపం ఆరిపోయింది. టార్చి చంకలో. ఎడమ చేతిలో తీగ. కుడి చేత్తో పుల్ల పట్టుకుని గోకుతున్నాను.

లోపలి నుంచి తడుతున్నాడు. దబ్... దబ్... తర్వాత మెల్లగా... తర్వాత లేదు.

"యాదగిరీ!"

పలకలేదు.

అప్పుడు... గుర్‌ర్‌ర్...

మోటారు. తిరుగుతోంది. దీపం వెలగలేదు... మోటారు మాత్రం తిరుగుతోంది. మూత నెమ్మదిగా... వేలెడు... జానెడు... లేచింది. నేను మీట దగ్గర లేను. తీగ నా చేతిలోనే ఉంది.

యాదగిరిని బయటికి లాగి గాలికి పడుకోబెట్టాను. దగ్గాడు. కళ్లు తెరిచాడు.

"మంచిగ నొక్కిన్రు సార్" అన్నాడు.

నేను నొక్కలేదు. ఆ మాట అతనికి చాలా రోజులకు గానీ చెప్పలేదు.

తెల్లవారగానే పరీక్షించాను. తీగ తగిలిస్తే మూత లేచింది. ఊడదీస్తే కదల్లేదు. షెడ్డులో మరో బ్యాటరీ లేదు. మర దానంతటది జారితే మూత దిగాలి గానీ లేవదు. దయ్యమని నేననను. దేవుడనీ అనను. కారణం ఉండే ఉంటుంది... నాకు దొరకలేదు.

మరుసటి దసరాకు ఆ పడవ మళ్లీ మా షెడ్డుకే వచ్చింది. యాదగిరి పసుపు గిన్నెతో నిలబడ్డాడు.

"స్విచ్చు జోలికి మాత్రం పోకు" అన్నాను.

"మరి మోటారుకు పెట్టొద్దా సార్? గా రాత్రి నన్ను కాపాడింది గదే గద?"

వద్దంటానని అందరూ నా మొహం చూశారు. నేను వంగి బ్యాటరీ తీగ ఊడదీసి, "ఇప్పుడు పెట్టు" అన్నాను.