ముందు సీటు సద్దు

మేము చింతామణిలో ఉన్నప్పుడు పక్కింటి పెద్దాయన దగ్గర ఒక పాత చిన్న ఎస్‌యూవీ ఉండేది. ఇంట్లో ఆయన ఒక్కడే. కారులో ఎవరిని ఎక్కించుకున్నా, వీధి మలుపు తిరగగానే ఏసీ ఆపేసి, తల పక్కకు వంచి అడిగేవాడు: “సద్దు ఇనపడతాండాదా అప్పా?”

ఎవరికీ వినపడేది కాదు. చిక్కబళ్లాపురం మెకానిక్ పక్కన కూర్చుని తిరిగొచ్చి, ఏమీ లేదన్నాడు. అయినా ఈయన పట్టుబట్టి బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు మార్పించాడు. అంత డబ్బు పోసినా, తానొక్కడే పోతే మోగుతూనే ఉందనేవాడు. ఆ చెవిలో అసలేం మోగుతుందా అని నాకు భలే వింతగా ఉండేది.

ఒకరోజు ఆయన కారులో మురుగమల్లకు పోతూ, ముందు ఎండ కొడుతోందని వెనక కూర్చున్నాను. గతుకుల్లో టకటకమని మోత! ఖాళీగా ఉన్న ముందు సీటును చేత్తో అదిమితే ఆగిపోయింది.

“సీటు బోల్టు లూజైండాదప్పా. మనిషి కూర్చుంటే మోగదు,” అన్నాను.

కారు ఆపించి, పానాతో నేనే బిగించాను. ఆయన సంతోషిస్తాడనుకుంటే, “అంతేనా?” అన్నాడు.

మరునాడు పొద్దున్నే మా గేటు ముందు హారన్ మోగింది. పెద్దాయన కారు ముందు తలుపు తెరిచి పట్టుకొని ఉన్నాడు.

“రాప్పా, బాగేపల్లి దాకా పోయొద్దాము. ఇంకో సద్దు మొదలైండాది.”