విష్ణు అడిగిన రెండో ఫోటో

విష్ణు గురించి చెప్పుమంటే నాకు ముందు కోపమే వస్తది. బోధన్ల ఆని చేత పెండ్లి ఫోటోలు తీపిచ్చుకోని ఇల్లు తక్కువ, ఆ పెండ్లిల ఆనిని తిట్టుకోని ఇల్లు ఇంకా తక్కువ. పాత బస్టాండు కాడ ఆనిది చిన్న స్టూడియో. నేను భోజన్నను, డ్రైవర్ని. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన్నాళ్లు చెరుకు లారీ నడిపిన, అది బందయినంక తుఫాన్ బండి కొనుక్కున్న. పెండ్లిళ్లకు ఆడు కెమెరా పట్టుకొని, నేను చుట్టాలను ఎక్కిచ్చుకొని ఒక్కతానకే పోతుంటిమి. పన్నెండేండ్ల దోస్తానా మాది.

ఆనికొక రోగమున్నది. ఏది తీసినా రెండుసార్లు తీస్తడు. పెండ్లికొడుకు పుస్తె కడతడు, బాజాలు మోగుతయ్, అక్షింతలు పడ్తయ్. అయిపోయింది, ఇగ అన్నం తిందామని మనం లేస్తం. "ఆగు బావా, ఒక్కసారి మల్ల. పుస్తె పట్టుకో, ముడేస్తున్నట్టు పెట్టి ఇటు సూడు" అంటడు. పంతులు గునుగుతడు, ఆడోళ్లు నవ్వుతరు, పెండ్లికొడుకు సిగ్గుపడుకుంట మల్ల పట్టుకుంటడు. జీలకర్రబెల్లం రెండుసార్లు, తలంబ్రాలు రెండుసార్లు. ఒకపారి అప్పగింతలప్పుడు పిల్ల తల్లిని మల్ల ఏడ్వమన్నడు. నేనే ఆని రెక్క పట్టి బయటికి గుంజుకచ్చిన.

"మొదటిది మంచిగ రాలేదారా?" అని అడిగితె, "మంచిగనే వచ్చిందన్నా, ఒకటి ఎక్కువుంటె ఏం పోతది?" అంటడు. కొత్తల ఒక పెండ్లిల పుస్తె కట్టేటప్పుడు మేనమామ చెయ్యి అడ్డమొచ్చి ఫోటో పాడైందట. పిల్ల తండ్రి పదిమందిల కాలర్ పట్టుకున్నడట. గా భయం ఆనిని ఇడ్వలే. పెండ్లిల రెండోసారి చేస్తె ఎవ్వలకూ ఏం నష్టం లేదు గనుక మేం గూడ అలవాటు పడ్డం. బోధన్ల సగం ఆల్బంలు రెండోసారి తీసినయే.

నిజామాబాద్ల వేణు అని ఒక పోరడుండె. ఊరు ధర్పల్లి. తండ్రి చిన్నప్పుడే పోయిండు, తల్లి గంగమణి పసుపు ఏసి సాదింది. డిచ్‌పల్లి యూనివర్సిటీల చదివేటప్పుడు ఆనికి సైకిల్ పిచ్చి పట్టింది. లావు టైర్ల సైకిల్, గుట్టలెక్కేది. ఆదివారమొస్తె ఇందల్వాయి గుట్టల్ల తొక్కుతుండె. కిందటేడు ఆగస్టుల వేణు, ఇంకో ముగ్గురు దోస్తులు లద్దాఖ్ పోదామని లేచిండ్రు. బండి నాది, ఫోటోలు విష్ణువి. మంచి ఫోటోలు పడితె సైకిల్ కంపెనీ ఏదన్న తనను పిలుస్తదని వేణుకు పెద్ద ఆశ.

సైకిళ్లు బండి మీద కట్టుకొని నలభై నాలుగో నంబరు రోడ్డు పట్టుకున్నం. నాగ్‌పూర్, ఝాన్సీ, ఢిల్లీ దాటి మనాలి ఎక్కినం. ఆడికెల్లి పైకి పోయినంక చెట్టన్నది కానరాలే. అన్ని మట్టి గోడలు. ఎండిన మక్కచేను రంగుల గోడలు, ఒకదాని ఎనుక ఒకటి, నడుమ పాతాళమంత లోతున సన్నటి ఏరు. ఎండల ముక్కు కాలుతది, నీడల నిలబడితె చలికి పండ్లు కొట్టుకుంటయ్. పది అడుగులేస్తె ఆయాసం. ఇసొంటి తావుకు పైసలు పెట్టి ఎవడన్న వస్తడా అని నేను రోజూ గునిగిన. విష్ణు రెండు రోజులు తలకాయ పట్టుకొని కక్కిండు. మూడోనాడు ఆ గోడలను సూసి పిచ్చోడయ్యిండు. "అన్నా, ఈడ మేనమామలు అడ్డం రారు" అని నవ్విండు.

పాంగ్ అని డేరాలుండే తావు. ఆడ ముగ్గురు దోస్తులకు తలనొప్పి లేసి పడుకున్నరు. వేణు, విష్ణు, నేను ముగ్గురమే బండిల ముందుకు పోయినం. లోయ అంచుకు గొర్లు నడిచే సన్న బాట ఒకటుండె. దాని మీదికెల్లి తొక్కుకుంట వస్తనన్నడు వేణు. విష్ణు ఇవతలి గట్టు మీద కూసున్నడు, కెమెరాకు ఎండ తగలకుండ నేను గొడుగు పట్టిన.

వేణు వచ్చిండు. సక్కగ, జంకు లేకుండ వచ్చిండు. ఎనుక దుమ్ము లేసింది, గోడలు ఎర్రగైనయ్. విష్ణు నాకు కెమెరాల సూపెట్టిండు. గంత మంచి ఫోటో ఆడు జిందగిల తియ్యలే. "ఇగ చాలు, చాయ్ తాగుదం పా" అన్న నేను. విష్ణు అప్పటికే ఏలు లేపిండు.

"వేణూ, ఒక్కసారి మల్ల."

వేణు సైకిల్ నూకుకుంట మల్ల పైకెక్కిండు. నడుమల ఆగి మోకాళ్ల మీద చేతులు పెట్టి దమ్ము తీసుకున్నడు. అలిసిపోయిండని నాకు కండ్ల ముంగటనే కానొస్తుంది. వద్దు అనుడు ఎంత పని? అనలే. రెండోసారి వచ్చేటప్పుడు, మొదటిసారి చక్రం ఒత్తిన తావుననే అంచు కూలింది. సప్పుడు గూడ పెద్దగ కాలే. మట్టి, సైకిల్, మనిషి ఒక్కపారే కిందికి పోయినయ్.

మిలిటరోళ్లు తాళ్లేసి పైకి తీసిండ్రు. అప్పటికే పాణం పోయింది. దోస్తులు శవాన్ని తీసుకొని విమానంల పోయిండ్రు. జారిపడ్డడని మేం చెప్పిన మాటనే ఆళ్లకెరుక.

నేను, విష్ణు ఖాళీ బండిల వాపస్ వచ్చినం. ఆడు అన్నం ముట్టలే. "నేనే చంపినన్నా. మొదటిదే మంచిగుండె" అన్నడు ఢిల్లీ కాడ. నాగ్‌పూర్ కాడ మల్ల గదే అన్నడు. నేను కసురుకున్న. "జారిండు, గంతే. ఊకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు. నోరు మూసుకో" అన్న. ఆని మీద ప్రేమ పావురంతోని అనలే. పోలీసులు, తిరుగుడు, బండి గుంజుకుంటరని నా భయం నాది.

ధర్పల్లి పోయేటాలకు కాష్టం అయిపోయింది. గంగమణి వాకిట్ల కూసుండి నెత్తి కొట్టుకుంటుంది. "సైకిల్ బిరికీలు అరిగినయ్ అవ్వా, కొత్తయి ఏపిచ్చుకుంట అన్నడు. పసుపుకు రేటు రానియ్ రా, అమ్మినంక సూద్దాం అన్న. పైస పైస అని నా కొడుకును నేనే మింగిన." వచ్చినోళ్లందరికీ గదే చెప్తుంది. సుట్టాలు గూడ ఆమె రాతనే తిడుతున్నరు. ఆ అంచు మీద బ్రేకులు కొత్తయి ఉన్నా ఒక్కటే, పాతయి ఉన్నా ఒక్కటే అని మా ఇద్దరికే ఎరుక. విష్ణు ఏదో చెప్పబోయిండు. నేను ఆని చెయ్యి గట్టిగ వత్తిన.

మేం లేస్తుంటె ఆమె విష్ణును పిలిచింది. "నా కొడుకుది ఆఖరి ఫోటో నీ తాన ఉంటదట గద బిడ్డా. పదకొండోనాటికి పటం కట్టి తే."

బండిల కూసున్నంక, "ఆమె బిరికీలంటుందన్నా" అన్నడు. "అననియ్, కొన్నొద్దులైతె మరుస్తది" అన్న. నా నోటికి పురుగులు పడాలె.

పదకొండోనాడు పగటీలి, టెంటు కింద జనం తినుకుంట కూసున్నరు. విష్ణు పటం తీసుకచ్చి గంగమణి ఒడిల పెట్టిండు. ఆమె కొంగుతోని అద్దం తుడిచి, కొడుకు మొఖం మీద చెయ్యి పెట్టింది. "నవ్వుతుండు" అన్నది. విష్ణు ఆమె ముంగట కింద కూసున్నడు. నేను సైగ చేసిన, సూడలే.

"అవ్వా, ఇది మొదటిసారి తీసింది. ఇది తీసినప్పుడు వేణు మంచిగనే ఒడ్డుకొచ్చిండు. మల్ల ఒకసారి పొమ్మని నేనే అన్న. రెండోసారికి మట్టి కూలింది. బిరికీల తప్పు లేదు, నీ తప్పు లేదు."

ఆమె పటం ఆని దిక్కు తిప్పింది. పక్కన తినేటోళ్లు చేతులు ఆపిండ్రు.

"ఇది మంచిగనే వచ్చింది గద బిడ్డా. మరి మల్ల ఎందుకు పొమ్మన్నవ్?"

"అలవాటవ్వా."

ఆమె చెయ్యి ఎత్తి ఆని చెంప మీద కొట్టింది. ఇంకోటి కొట్టింది. ఆడు మొఖం తిప్పలే. ఆనిని ఎవ్వలో పక్కకు గుంజుకపోయిండ్రు. అప్పుడు నన్ను సూసి, "తమ్మీ, నువ్వు పక్కన్నే ఉంటివట, నిజమేనా?" అని అడిగింది. "నిజమే అక్కా" అన్న. గంతే అన్న. పోరడు దమ్ము తీసుకునుడు సూసి ఊకున్న అని అనలే, ఇన్నొద్దులు విష్ణు నోరు నొక్కింది నేనే అని అనలే.

విష్ణు ఇప్పుడు పెండ్లిళ్లకు పోడు. పరీక్షల ఫారాలకు, రేషన్ కార్డులకు సిన్న ఫోటోలు తీసుకుంట బతుకుతుండు. గంగమణి పొద్దున లేస్తె ఆని పేరు పెట్టి శాపనార్థాలు పెడ్తది. ఒకనాడు ఆ ముచ్చట ఆనితోని చెప్పిన.

"బిరికీల మాట ఎత్తుతుందా?" అని అడిగిండు.

"లేదు."

"తిట్టనియ్ అన్నా" అని ఆడు పనిల పడ్డడు.

పసుపు మార్కెట్‌కు ఆమె నా బండిలనే వస్తది. ఇంటికి పోతె కుర్చేస్తది. "నువ్వొక్కనివన్న దోస్తని సూడకుండ నిజం చెప్పినవ్ తమ్మీ" అనుకుంట చాయ్ పోస్తది. తాగి వస్త.