రామసుబ్బయ్య గారి వైఫై చలివేంద్రం

బనగానపల్లెలో గంపల అంగడి రామసుబ్బయ్య అంటే తెలియనివాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు ఆ పొద్దే బస్సు దిగినవాళ్ళయి ఉండాలి. మామిడికాయ లారీ ఎక్కాలంటే గంప కావాలి, గంపలోకి వరిగడ్డి కావాలి, మూతి కట్టడానికి పురికొస కావాలి. మూడూ ఆయన దగ్గరే దొరుకుతాయి. పలుకూరు వీధిబడిలో అయిదో తరగతి దాకానే చదివినా ఇరవయ్యో ఎక్కం వరకు కళ్ళు మూసుకుని అప్పజెప్పగలడు. బీకాం చదివిన కోడలు కాలిక్యులేటర్ వెతుక్కునేలోగా ఆయన లెక్క చెప్పేసి మంచినీళ్ళు కూడా తాగేసి ఉంటాడు. వీధిలో మొట్టమొదటి ఫ్రిజ్ ఆయనదే. నంద్యాల బస్సు అంగడి ముందర ఆగుతున్నదంటే అదీ ఆయన చలవే. నెల రోజులు బస్సుకు అడ్డంగా నిలబడి, అక్కడ ఎందుకు ఆగాలో డ్రైవరుకు మొదటి నుంచీ వివరించాడు. రోజూ ఇంతసేపు వినడం కన్నా ఆగిపోవడమే మేలని ఆ డ్రైవరు తీర్మానించుకున్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, చలివేంద్రం ఒక ఎత్తు. ఆయన తండ్రి ఓబయ్య శెట్టి కాలం నుంచీ, ఉగాది పోగానే ఆ ఇంటి అరుగు మీద ఇసుక పోసి కుండలు పెడతారు. వాటికి తడిగుడ్డ చుడతారు. తొలకరి పడేదాకా దారిన పోయేవాళ్ళు ఎవరైనా ఎక్కి కూర్చుని తాగవచ్చు. ఓబయ్య శెట్టి పోతూ పోతూ కొడుకుకు చెప్పిన మాట ఒకటే. "తాగేవాని మొగం సూడొద్దు. కూసున్నోన్ని లెమ్మనొద్దు."

రామసుబ్బయ్య ఆ మాట ఏనాడూ జవదాటలేదు. జవదాటకపోవడమే కాదు, ఇంకొంచెం ముందుకు కూడా తీసుకుపోయాడు.

ఆ వీధి ఇళ్ళన్నీ నాపరాతి గోడలవి. వాటిని దాటి సెల్‌ఫోను సిగ్నలు రాదు. ఫోను మాట్లాడాలంటే మిద్దె ఎక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన మాడు పగిలే ఎండలో నిలబడాలి. అక్కడైనా మాట వినబడుతుందే కానీ మొగం కనబడదు. అందుకని కోడలు ఉదయశ్రీ ఇంటికి ఇంటర్నెట్ పెట్టె పెట్టించింది. ఆ ఎండాకాలమే, కోసిగి నుంచి మామిడితోటల్లో కూలికి వచ్చిన మద్దమ్మ అరుగు మీద నీళ్ళు తాగి, ఫోను అటూ ఇటూ తిప్పి నిట్టూర్చింది.

"ఏం మద్దమ్మా, నీళ్ళు సల్లగ లేవా?"

"నీళ్ళు బాగుండాయి శెట్టీ. ఊళ్ళో మనవడుండాడు. వాని మొగం సూద్దామంటే ఈడ సిగ్నలే లేదు."

"ఓస్, అంతేనా? నీళ్ళిచ్చిన అరుగు మీద ఇది ఇయ్యలేనా?" అని రామసుబ్బయ్య అక్కడికక్కడే పాస్‌వర్డ్ చెప్పేశాడు. ఒకరికి చెప్పి ఇంకొకరికి చెప్పకపోవడం న్యాయం కాదనిపించింది. మర్నాడే పెయింటరును పిలిపించి గోడ మీద రాయించాడు. 'ఓబయ్య శెట్టి గారి జ్ఞాపకార్థం ఉచిత వైఫై చలివేంద్రం.' కింద పాస్‌వర్డు, బస్సులో కూర్చున్నవాళ్ళకు కూడా కనబడేంత లావు అక్షరాలతో.

అప్పటి నుంచి ఆ అరుగు ఖాళీగా ఉన్నది లేదు. ట్రాలీ ఆటో నరసన్న బాడుగ దొరికేదాకా అక్కడే సినిమాలు చూస్తాడు. మండీలో వేలంపాట పాడే జోసెఫ్ అక్కడ నుంచే కాయల ఫొటోలు హైదరాబాదుకు పంపిస్తాడు. నంద్యాల బస్సు కూడా ఈ మధ్య కొంచెం ఎక్కువసేపే ఆగుతున్నది.

ఇక ఉదయశ్రీ సంగతి. ప్రొద్దుటూరు పిల్ల. పెళ్ళయినప్పటి నుంచీ చదివిన చదువు పురికొస ఉండల లెక్కకే సరిపోయింది. పోయిన మే నెలలో, ఇంట్లో కూర్చునే అంగళ్ళ పద్దులు చూసే ఉద్యోగం ఒకటి ఉందని తెలిసి దరఖాస్తు పెట్టింది. పరీక్ష గట్టెక్కింది. మిగిలింది ఇంటర్వ్యూ. శుక్రవారం పదకొండు గంటలకు, ల్యాప్‌టాప్‌లో, మొగం కనబడేటట్టు కూర్చోవాలన్నారు. ఆ పూట తప్పితే మళ్ళీ పిలవరు.

"మా కోడలు ఇంట్లోనే ఉండి ఆఫీసరు కాబోతాండాది" అని రామసుబ్బయ్య వీధంతా చెప్పి వచ్చాడు. రెండుసార్లు విన్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ శుక్రవారం ఊళ్ళో సంత.

పది గంటలకు ఉదయశ్రీ పట్టుచీర కట్టుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. కాసేపటికి ఆమె గొంతు మారిపోయింది.

"మామా, నెట్ తగులుకోవడంలే."

"యాడ తగులుకోవడంలే? నా ఫోన్లో వస్తాండాదే. బయట నరసన్న సినిమా సూస్తాండాడు, ఫైటింగు సప్పుడు ఈడికి ఇనబడతాండాది."

"ఫోన్లకు వస్తాండాది. దీనికే రాలే. నిన్న బాగానే ఉండె."

రామసుబ్బయ్య భార్య రాజ్యలక్ష్మమ్మ వంటింట్లోంచి ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని వచ్చింది. ల్యాప్‌టాప్‌కు మూడు చుట్లు తిప్పింది. "ఆ నరసన్న నిన్న దీన్ని సూసి 'అబ్బ, అట్టు మాదిరి ఎంత పల్చగుండాదో' అన్యాడు. దిష్టి తగలకుండా యాడికి పోతాది?" మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఇంటిల్లిపాదికీ దగ్గు వచ్చింది. నెట్ మాత్రం రాలేదు.

రామసుబ్బయ్య ఇంటర్నెట్ పెట్టెను అరచేత్తో తడిమి చూశాడు. "ఇది కాగిపోతాండాదమ్మా" అని, కుండకు చుట్టినట్టు దానికి తడిగుడ్డ చుట్టబోయాడు.

"మామా! అది కరెంటుది!" కోడలు గుడ్డ లాక్కుంది. "ఒకసారి ఆర్పి మళ్ళీ వెయ్యండి సాలు."

ఆయన ఆర్పాడు. అరుగు మీద నుంచి "అయ్యయ్యో" అని అందరూ ఒకేసారి అన్నారు. మళ్ళీ వేశాడు. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. ఉదయశ్రీ వేలు మీట మీద పెట్టుకుని కాచుకుంది. తీరా దీపం పచ్చబడేసరికి, సంతరోజు బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు విసిరి సీట్లు పట్టుకున్నట్టు, అరుగు మీద ఫోన్లన్నీ ముందే ఎక్కి కూర్చున్నాయి. బయట ఆనందం, లోపల మళ్ళీ అదే మాట: కనెక్ట్ కాలేదు.

ఉదయశ్రీ తన ఫోనులో కేబుల్ మనిషి నెహెమ్యాకు వీడియో కాల్ చేసింది. అతను కోవెలకుంట్లలో స్తంభం మీద ఉన్నాడు.

"అక్కా, మాట్లాడబోయేది నువ్వా, మీ మామనా? మీ మామ అయితే చెప్పు, దిగి అన్నం తిని మాట్లాడతా."

"నేనే అన్నా. ల్యాప్‌టాప్ తగులుకోవడంలే. గంటలో ఇంటర్వ్యూ ఉండాది."

"మీ అరుగు మీద ఎంతమంది ఉండారు?"

ఆమె కిటికీలోంచి తొంగి చూసింది. అరుగు నిండిపోయి, కొందరు వీధిలో గోడ నీడకు కూర్చున్నారు. "సంత గదన్నా. శానామంది."

"ఇంకేముండాది! ఆ పెట్టె పదహారు మందికి మించి పట్టదు. పదిహేడోది ఎవరు వచ్చినా తలుపు తియ్యదు. ఇంటోళ్ళు, బయటోళ్ళు అని దానికి తెలీదు. పాస్‌వర్డ్ మార్చెయ్, అందరూ రాలిపోతారు. రెండు నిమిషాల పని."

రామసుబ్బయ్య ఫోను ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ఏమన్యావ్ రా? మా నాయన పేరు రాసిన కాడ తాళమేయమంటావా?"

"పెద్దయ్యా, అవేమన్నా నీళ్ళా?"

"దప్పికైతే అదే గదా! పెద్ద పెట్టె తెచ్చి పెట్టు, ఎట్ల పట్టదో సూస్తా."

"కర్నూలు నుంచి రావల్ల. వారం పడుతాది."

"తీగ లాగి ల్యాప్‌టాప్‌కే కట్టు."

"ఆ పల్చటిదానికి తీగ పెట్టే బెజ్జమే లేదు పెద్దయ్యా. ఉంటా, కాలు తిమ్మిరెక్కుతాండాది."

ఉదయశ్రీ ఒక ఉపాయం చేసింది. తన ఫోను వైఫై ఆపేసింది. ఒక చోటు ఖాళీ అవుతుంది కదా, ల్యాప్‌టాప్ దూరుతుంది కదా అని. మీట నొక్కేలోపే బయట ఎవరో కేక పెట్టారు. "వచ్చె! నాకూ వచ్చె!" రామసుబ్బయ్య కూడా త్యాగానికి సిద్ధపడి తన ఫోను ఆపేశాడు. బయట ఇంకో కేక.

రాజ్యలక్ష్మమ్మ చీపురు తీసింది. "ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అని ఊరికే అన్లేదు. మీరు కోడలికి గూడా అపకారే. తప్పుకోండి, నేను లేపుతా అందర్నీ."

ఆయన గడపకు అడ్డంగా చేతులు చాపాడు. "లక్ష్మీ, ఈ అరుగు మీద నుంచి ఎవర్నీ లేపింది లేదు. నా పాణం పోయినా లేపను."

"మీ పాణం ఎవురికి కావల్ల? పిల్ల ఉద్యోగం పోతాండాది."

ఉదయశ్రీ మాత్రం గట్టిగా మాట్లాడలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ అన్నది: "ఉండనీలే అత్తా. ఉద్యోగం పాయనని మా అమ్మకు చెప్పుకుందామన్నా నాకు సిగ్నలు లేదు."

ఆ మాట రామసుబ్బయ్యకు ముల్లులా గుచ్చుకుంది. బస్సును ఆపినవాడు, ఇంటి పిల్లకు ఇంట్లో చోటు ఇప్పించలేకపోవడమా! కండువా భుజాన వేసుకుని అరుగు మీదికి వచ్చాడు. మద్దమ్మ ఫోనులో మనవడు పాఠం అప్పజెపుతున్నాడు. వాణ్ణి మధ్యలో ఆపమని ఎట్లా అంటాడు? లెమ్మనవద్దని తండ్రి మాట. అక్కడే నిలబడి ఆ మాటను ఈ కొస నుంచి ఆ కొసకు తడిమి చూశాడు. లెమ్మనవద్దన్నాడు సరే. పిలవవద్దని యాడ అన్నాడు?

"రాండప్పా! అందరూ రాండి! వీధి చివర మస్తాన్ బండి కాడ నన్నారి షర్బత్ తాపిస్తా!"

జోసెఫ్ అనుమానంగా తల ఎత్తాడు. "ఏం శెట్టీ, ఏంది విశేషం?"

"విశేషముంటేనే తాపాల్నా?"

"క్లైమాక్స్ నడుస్తాండాది పెద్దయ్యా" అన్నాడు నరసన్న, తెర మీంచి కళ్ళు తీయకుండా.

"ఐసు ఎక్కువ ఏపిస్తా."

నరసన్న లేచాడు. మద్దమ్మ మనవడికి "మళ్ళ చేస్తా నాయనా" అని చెప్పి లేచింది. ముందు రామసుబ్బయ్య, వెనక సంత జనం, ఊరేగింపులాగా కదిలారు. వీధి చివరికి చేరేసరికి ఒక్కొక్క ఫోనే మూగబోయింది. వెనక్కి తిరిగి చూస్తే, గడప దగ్గర రాజ్యలక్ష్మమ్మ తువ్వాలు ఊపుతున్నది. ల్యాప్‌టాప్ తగులుకుంది! ఇంటర్వ్యూ అయిపోయాక మళ్ళీ ఊపమని ఆయన సైగ చేశాడు.

అయితే నన్నారి షర్బత్ ఎంతసేపు తాగుతారు? మే నెల ఎండలో గ్లాసు ఇట్లా ఇస్తే అట్లా ఖాళీ. అందరూ మూతులు తుడుచుకుని వెనక్కి చూస్తున్నారు. అప్పుడు రామసుబ్బయ్య గొంతు సవరించుకున్నాడు.

"పలుకూరు వీధిబడిలో నేను సదివేటప్పుడు..."

షర్బత్ తాపించిన పెద్దమనిషి మాట్లాడుతుంటే మధ్యలో పోయేంత మర్యాద లేనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఫ్రిజ్ వచ్చింది. బస్సు ఆగింది. వాసవమ్మ గుడికి మైకుసెట్టు ఇచ్చిన సంగతి వచ్చింది. గంపకు మూడో కట్టు కనిపెట్టింది తానేనని, అది లేకముందు కాయలు నంద్యాల దాటకముందే దొర్లిపోయేవని చెప్పాడు. పందొమ్మిదో ఎక్కం పూర్తిగా అప్పజెప్పాడు, తప్పులుంటే పట్టమని. ఎవరూ పట్టలేదు. గడప వైపు చూశాడు. తువ్వాలు ఊగడంలేదు.

మళ్ళీ బస్సు దగ్గరికి వచ్చాడు.

"బస్సు అయిపోయింది శెట్టి సాబ్" అన్నాడు మస్తాన్, గ్లాసులు కడుగుతూ.

పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి రామసుబ్బయ్యకు చెప్పుకోవడానికి చేసినవి అయిపోయాయి. జనం కదులుతున్నారు. ఒక కాలు ముందుకు వేసిన నరసన్న చెయ్యి పట్టుకుని, దిక్కు తోచక, చేయబోయేవి మొదలుపెట్టాడు.

"అరుగు మీద రేకులు ఏపిస్తా! నీడకు!"

నరసన్న ఆగాడు. అందరూ ఆగారు.

"సార్జింగ్ పెట్టుకోను పిలగ్గులు?" ఎవరో అడిగారు.

"వరసగా ఏపిస్తా!"

"ఫ్యాను?"

"ఒగటి గాదు, రొండు!"

ఇంక జోసెఫ్ వల్ల కాలేదు. మండీలో అలవాటైన నోరు దానంతటదే తెరుచుకుంది. రాయి ఎక్కి చెయ్యి పైకెత్తాడు. "శెట్టిగారి పాట రొండు ఫ్యాన్లు! రొండు ఫ్యాన్లకాడ ఉండాది పాట! ఎవరన్నా పైకి అడిగేటోళ్ళుండారా?"

"కూలరు!" అన్నది మద్దమ్మ, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

గడప దగ్గర తువ్వాలు కదలలేదు. రామసుబ్బయ్య కళ్ళు మూసుకున్నాడు. "కూలరే!"

"కూలరు ఒగటోసారి! కూలరు రొండోసారి!"

"మామా!"

ఇంటి వైపు నుంచి ఉదయశ్రీ పట్టుచీర ఎత్తిపట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. ముఖం చూస్తేనే తెలిసిపోయింది. "వచ్చె మామా! సోమవారం నుంచే చేరమన్యారు!"

"తువ్వాలు ఊపమంటే ఏం చేస్తాండాది మీ అత్త?"

"నా పక్కనే కుర్చీ ఏసుకోని కూసుండాది. వాళ్ళు ఆమెను గూడా రొండు ప్రశ్నలు అడిగిరి."

"నిన్నేమడిగిరి?"

"మీ ఇంట్లో నెట్ బాగుంటాదా అని అడిగిరి. వీధి వీధంతా మా నెట్ మీదనే బతుకుతాండాది సార్ అంటి."

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే జోసెఫ్ గబగబా "మూడోసారి!" అనేశాడు. సాక్షులు అంతమంది. రామసుబ్బయ్య మాట ఇస్తే ఇచ్చినట్టే.

సోమవారం నాటికి అరుగు మీద కూలరు తిరుగుతున్నది. రేకులు పడ్డాయి, ప్లగ్గులు వరసగా వచ్చాయి. నాపరాతి ఇంట్లో మాత్రం పెనం మీద కూర్చున్నట్టే ఉంది. ఉదయశ్రీ లోపల కూర్చుని రెండు అంగళ్ళ పద్దులు చూసి, చెమట తుడుచుకుని, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని బయటికి వచ్చింది. మద్దమ్మ జరిగి చోటు ఇచ్చింది.

ఇప్పుడు ఆమె ఆఫీసు ఆ అరుగు మీదే. తెల్లవారి కూలీలు రాకముందే వచ్చి ల్యాప్‌టాప్ తగిలించుకుంటుంది. తర్వాత వచ్చినవాళ్ళు వాళ్ళ వంతుకు కాచుకుంటారు. కాచుకునేవాళ్ళకు పొద్దుపోవాలి కాబట్టి రామసుబ్బయ్య పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. చెప్పుకోవడానికి ఆయనకు ఇప్పుడు కూలరు కూడా ఉంది.