పెడల్ కింద చెక్కముక్క

2007 ఏప్రిల్‌లో ఒక గురువారం ఉదయం, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే యార్డు పక్కన కొత్త లైను పని జరుగుతున్న చోట, అంతకుముందు నేను సంతకం పెట్టిన పదకొండు టిప్పర్ల పొగ సర్టిఫికెట్లను నేనే రద్దు చేశాను. కారణం, వాటిలో ఒక బండి యాక్సిలరేటర్ పెడల్ కింద, రబ్బరు మ్యాట్ చాటున, పట్టాల కింద వేసే పాత స్లీపర్ దుంగ నుంచి కోసిన రెండంగుళాల చెక్కముక్క దొరికింది. దాన్ని బయటికి తీసింది మా సిబ్బంది కాదు. పొగ మీద ఫిర్యాదు చేసిన ఆవిడ భర్త.

నేనప్పుడు ఒక ప్రైవేటు ప్రయోగశాలలో సీనియర్ ఎనలిస్టుని. కొత్త లైను కట్టకు మట్టి తోలే కాంట్రాక్టరు బండ్లను నెలకోసారి పరీక్షించడం నా డ్యూటీ. ఇంజిన్ వేడెక్కాక గేరు న్యూట్రల్‌లో పెట్టి, డ్రైవరు పెడల్‌ను ఒక్కసారిగా చివరిదాకా తొక్కి వదలాలి. అప్పుడు వచ్చే పొగ ఎంత నల్లగా ఉందో మీటరు చెబుతుంది. ఇంజిన్ గరిష్ఠ వేగం అందుకుందో లేదో కూడా వేరే పరికరంతో చూసి రాయాలి. గేటు దగ్గర బండ్ల వరస పెరిగిపోతోందని నేను ఆ పని మానేశాను. తొక్కానని డ్రైవరు అంటే వేగం గడి ఖాళీగా వదిలి, పక్కన టిక్కు పెట్టేవాణ్ణి. పెడల్ సగంలో ఆగితే పొగ తగ్గుతుంది, బండి పాసవుతుంది.

మట్టి బాట రైల్వే క్వార్టర్ల వెనకనుంచే పోయేది. అక్కడ ఉండే రమణమ్మ గారికి ఉబ్బసం. ఆ వేసవిలో ఆవిడ రెండుసార్లు ఆసుపత్రిలో చేరారు. బాట మార్చమని ఆవిడ ఇచ్చిన అర్జీ సైట్ ఆఫీసులో జరిగే శుక్రవారం సమావేశానికి రావాలి. నా రీడింగులన్నీ పరిమితిలోనే ఉన్నాయి కనుక అర్జీని మూసేస్తామని, వానలదాకా బాట అక్కడే ఉంటుందని సైట్ ఇంజనీరు చెప్పారు. ఆ సంగతి చెప్పడానికి బుధవారం నేను వాళ్ల గుమ్మందాకా వెళితే, ఆవిడ నా రీడింగుల కాగితం చూసి, "దీనికి ఆయాసం లేదు బాబూ, నాకే ఉంది" అన్నారు.

ఆవిడ భర్త అప్పలస్వామి యార్డులో డీజిల్ క్రేన్లు చూసే ఫిట్టరు. తాత కాలంలో విజయనగరం వైపునుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. "ఏటి సార్, కట్ట ఎక్కేటప్పుడు బొగ్గు ఇంజిన్‌లాగ కక్కే బండి, మీ దగ్గరకొచ్చేసరికి బుద్ధిమంతుడైపోతాదా?" అని అడిగాడు. మీటరు సరిగానే ఉందన్నాను. "అచ్ఛా. మిషను మంచిదే. మా డ్రైవర్లు ఇంకా మంచోళ్లు."

మర్నాడు అతనికి వారపు రెస్టు. ఆ నెల పరీక్ష జరుగుతుండగా వచ్చి, నా అనుమతి అడిగి, వరసలో ఉన్న ఒక బండెక్కాడు. పెడల్‌ను చేత్తో నొక్కి చూసి, మ్యాట్ ఎత్తాడు. డ్రైవరు ఏమీ దాచలేదు. పరీక్ష రోజున అందరూ ఇలాగే పెట్టుకుంటారని హిందీలో చెప్పి బీడీ ముట్టించాడు.

ఇంజిన్ వేగం చూస్తూ మళ్లీ పరీక్షిస్తే పదకొండింటిలో ఏడు తప్పాయి. ఏ బండికీ వేగం చూడలేదన్న నా లోపాన్ని కూడా రాసి రద్దు ఉత్తరం తయారుచేశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. మా మేనేజరు ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, నా సంతకం కింద తనదీ పెట్టారు. శుక్రవారం బాటను యార్డు అవతలికి మార్చాలని తీర్మానించారు. తప్పిన బండ్లు ఇంజెక్టర్లు, ఎయిర్ ఫిల్టర్లు బాగుచేయించుకున్నాకే మళ్లీ పనిలోకి వచ్చాయి. మిగిలిన వేసవిలో రమణమ్మ గారు మళ్లీ ఆసుపత్రికి వెళ్లలేదు.

అప్పలస్వామి కావాలంటే నేరుగా నా మీదే ఫిర్యాదు రాయవచ్చు. ముందు నాకు చూపించాడు, దిద్దుకునే అవకాశమిచ్చాడు. ఆ కృతజ్ఞత ఈనాటికీ ఉంది. ఏ పరిస్థితిలో తీశామో రాయని కొలతను కొలతగా లెక్కపెట్టకూడదని ఆ రోజు తెలిసింది. తర్వాత ఆ వేగం గడిని నేనెప్పుడూ ఖాళీగా వదల్లేదు.

అయితే మా పరీక్ష ఖాళీ బండిని నిలబెట్టి చేసేదే. మట్టి నింపుకుని కట్ట ఎక్కే టిప్పరు పొగను కొలిచే సాధనం, నేను రిటైరయ్యేదాకా మా ప్రయోగశాలకు రాలేదు.